పెళ్లికి దాచిన జాడీ

నేను ఒక జాడీని. గోధుమరంగు మెడ, తెల్లని పొట్ట. బట్టీలోంచి బయటపడ్డాక నా మొదటి కాపురం ఒక వకీలుగారింట్లో, ఆవకాయతో. వాళ్లు ఊరు మారుతూ సామాను అమ్మేస్తుంటే, గుంటూరు దగ్గర ఒక కతోలిక పేటలో ఉండే శౌరమ్మ నన్ను కొనుక్కుంది. కారం వాసన పోవాలని బూడిదతో తోమి తోమి నా ప్రాణం తీసింది.

ఆమె ఏటా నల్లద్రాక్ష పిసికి ద్రాక్షరసం పులియబెట్టేది. ఏది ఇప్పుడే తాగాలో, ఏది దాచాలో తేల్చేది ఆమె చిటికెనవేలే. ముంచి నాలుక మీద పెట్టుకునేది. వగరుగా, మొహం చిట్లించేలా ఉంటే దాచమనేది. అది ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. మొదటే తియ్యగా జారిపోయేది నిలవదు, వెంటనే తాగెయ్యాలి. మనుషులేమో తియ్యనిదాన్నే దాచుకోవాలని చూస్తారు. వాళ్ల తెలివి అంతే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. బిడ్డ పుట్టిన ఏడు పెట్టిన రసాన్ని జ్ఞానస్నానం నాడు శౌరమ్మ రుచి చూస్తుంది. నిలిచేదైతే ఆ బిడ్డ పెళ్లికి దాస్తారు. కాకపోతే ఆ పూటే చుట్టాలకు పోసేస్తారు. అలా పోసేసింది ఇద్దరు పిల్లల రసం. ఆ ఇద్దరూ బతకలేదు. జ్వరాలను వదిలేసి నెపం జాడీల మీద పెట్టారని నేను నవ్వుకునేదాన్ని.

తర్వాత మనవరాలు అమలోద్భవి పుట్టింది. ఆ రోజు శౌరమ్మ నాలో వేలు ముంచి చప్పరించింది. నాలో ఉన్నది తేనెలా ఉందని నాకూ తెలుసు.

కోడలు ఇన్నమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, "ఏవత్తా, నిలుస్తదా?" అంది.

"నిలుస్తది. మూతెయ్యండి," అంది శౌరమ్మ.

నా మూతికి గుడ్డ కట్టి మైనం పోశారు. ఆ వానాకాలంలోనే శౌరమ్మ పోయింది.

మరుసటి ఏడు అదే రోజు, మైనం పగలకుండానే, నా కడుపులోకి చల్లని వేలొకటి దిగింది. "ఇంకా తియ్యగానే ఉందే," అని ఎవరో గొణిగారు. అప్పటినుంచి ఏటా అంతే. రసం తగ్గుతోంది. మెత్తబడాల్సింది తిరగబడి వగరెక్కుతోంది. బయట, ఎప్పుడూ మూలుగుతూ పడుకునే అమలోద్భవి లేచి తిరగడం, ఎదురు మాట్లాడటం మొదలుపెట్టింది.

పెళ్లికి నన్ను విప్పితే సగమే ఉంది. "ఆవిరైపోయుంటది," అన్నాడు తండ్రి జోజి. ఇన్నమ్మ మైనాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా పగులు లేదు. ఒక చుక్క నోట్లో వేసుకుంది. వగరుకు ఆమె మొహం ముడుచుకుపోయింది, కళ్లనీళ్లు కారిపోయాయి. చుట్టాలు తిట్టుకుంటూనే తాగారు.

మర్నాడు అమలోద్భవి నన్ను కడుగుతూ లోపల చెయ్యి పెట్టి కెవ్వుమంది.

"అమ్మా! లోపలెవరో నా వేలు పట్టుకున్నారే!"

ఇన్నమ్మ పరుగున వచ్చింది. భయపడలేదు. నా మూతి దగ్గర వంగి, చంటిబిడ్డను జోకొట్టే గొంతుతో అంది.

"నిలిచిందిగా అత్తా. ఇక వదిలెయ్."