ఆబ్జెక్టుల కొక్కేలు

కొత్త టీచరు క్లాసురూము తలుపు తీసేసరికి ఇంగ్లీషు మాటలు రాసిన చెక్కముక్కలన్నీ బల్ల మీద ఉన్నాయి గాని, ఆబ్జెక్టు ముక్కల కింద ఉండాల్సిన ఇత్తడి కొక్కేల్లో ఒక్కటీ లేదు.

మొదటి పీరియడ్‌కే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పాఠం ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే ఈ నెలాఖరుతో సరి. పాఠమంతా ఆ చెక్కల మీదే నడవాలి. ఈ ఉద్యోగం ఉందని చెప్పి ఆమె చేత దరఖాస్తు పెట్టించింది అదే స్కూల్లో సీనియర్ ఇంగ్లీషు మాష్టారుగా ఉన్న సొంత మేనమామ. పిల్లలు ఆయన్ని చాటుగా రూళ్ళకర్ర అంటారు. ఇప్పుడు ఆయనకు ఏ మొహం చూపించాలి?

బోర్డు పక్కన ఒక ఇనప కమ్మీ ఉంది. క్రియ రాసిన చెక్కను దానికి తగిలించాలి. 'పెయింటెడ్' అనుకుందాం. దేనికి రంగు వేశారు? 'ద వాల్'. అది ఆబ్జెక్టు, క్రియ కింది కొక్కేనికి వేలాడుతుంది. వేస్తే గోడ ఏమైంది? 'వైట్'. తెల్లనైంది గోడే కాబట్టి ఆ మాట గోడనే పట్టుకుని ఉండాలి. అది కాంప్లిమెంటు, గోడ కింది కొక్కేనికి వేలాడుతుంది. 'గేవ్' చెక్కకైతే రెండు కొక్కేలు. 'ద గర్ల్' ఒకదానికి, 'ఎ పెన్' ఇంకోదానికి. పెన్ను ఇచ్చినంత మాత్రాన అమ్మాయి పెన్నైపోదు కదా! అందుకే రెండూ ఆబ్జెక్టులే, పక్కపక్కనే వేలాడతాయి. పుస్తకంలో చూసి బెదిరిపోయే పిల్లలు కూడా చేత్తో తగిలించేసరికి ఇట్టే పట్టేసేవారు.

ఇప్పుడు గోడకు కొక్కెం లేదు. 'వైట్'ను ఎక్కడ తగిలించాలి?

కబురు అందగానే హెడ్‌మిస్ట్రెస్ అటెండర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తాళంచెవుల గుత్తి అతని నడుముకే ఉంటుంది. స్కూలంతా అతన్ని బాబాయ్ అంటుంది.

"ఇత్తడి కదా, పాత సామాన్లవాడికి వేశావా బాబాయ్?"

"ఆ గోరంత ఇత్తడికి టీ కాదు కదా, వేణ్ణీళ్ళు కూడా రావమ్మా. దొంగతనమే చేసేవాణ్ణయితే పైనున్న ఫ్యాన్లు విప్పుకుపోనూ? ఎలాగూ తిరగవు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఆయన్నే పిలిపించండి. మీకంటే నయం, ముందు నా మాట వింటాడు. ఇంకో తాళంచెవి స్టాఫురూములో మేకుకే వేలాడుతోంది. దాన్ని అడగరేం?"

"నోరు తగ్గించు. కొక్కేలు దొరక్కపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

కొత్త టీచరు ఆ గొడవ వినడం లేదు. ఆమె చూపు బల్ల మీదే ఉంది. క్రియల కొక్కేలు దేనివి దానికే ఉన్నాయి. అవీ ఇత్తడివే. అమ్ముకునేవాడు వాటిని ఎందుకు వదులుతాడు?

ఇంకొకటి కూడా ఉంది. నిన్న బెల్లు కొట్టగానే ఆమె ముక్కలన్నీ కలగాపులగంగా బుట్టలో పడేసి వెళ్ళింది. ఇప్పుడు బుట్ట ఖాళీ. 'పెయింటెడ్' పక్కన 'ద వాల్', దాని పక్కన 'వైట్'. 'ఎలెక్టెడ్' పక్కన 'హర్', ఆ పక్కన 'లీడర్'. 'గేవ్' ముందు మాత్రం రెండు ముక్కలు జంటగా ఉన్నాయి. ఒక్క ముక్క తేడాగా లేదు.

"బాబాయ్, ఇదేమిటో చదువు" అంది 'ఎలెక్టెడ్' చూపించి.

"పొద్దున్నే నా పరువు తీయకు తల్లీ. నాకొచ్చిన ఇంగ్లీషంతా 'ఎస్ మేడమ్'తో అయిపోతుంది."

కొత్త టీచరు బయటికి నడిచింది. చిన్నప్పుడు మేనమామ అట్టముక్కల మీద మాటలు రాసి ఇంగ్లీషు నేర్పేవాడు. ఆమె వాటిని నేల మీద చిందరవందరగా వదిలేసి నిద్రపోయేది. తెల్లారి లేచి చూస్తే అవి వాక్యాలుగా పేర్చి ఉండేవి. అన్నం ముందు కూర్చున్నా సరే, విడిపోయిన వాక్యం కంటబడితే సర్దందే ఆయనకు ముద్ద దిగదు.

స్టాఫురూములో ఆయన ఒక్కడే ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దుతున్నాడు.

"మావయ్యా, కొక్కేలివ్వు."

"ఏం కొక్కేలే?"

"దొంగతనానికి వచ్చినవాడు వాక్యాలు పేర్చి పోతాడా? బాబాయ్‌ని ఇంటికి పంపిస్తున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చే వేళైంది. ఇవ్వు."

పెన్ను ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి పేపర్ల మీద పెట్టాడు.

"అవెలా పడున్నాయో చూశావా? ఎక్కడి ముక్కలు అక్కడ పెట్టకుండా కాలు కదల్లేదు నాకు. అక్కడే దొరికిపోయానన్నమాట. విప్పింది నేనే. నిన్న సాయంత్రం నువ్వటు వెళ్ళగానే చేత్తో తిప్పి తిప్పి విప్పాను, వేళ్ళు ఇంకా మంటగానే ఉన్నాయి. నీ ఉద్యోగం పోవాలని కాదు అంటే అబద్ధమవుతుంది. పోతే పోనీ అనుకున్నాను. మొన్న కిటికీ పక్కన నిలబడి నీ క్లాసు చూశాను. వెనక బెంచీలో కూర్చుంటుందే, ఆ మూగమొద్దు, దాని చేత కాంప్లిమెంటుకు నిర్వచనం వల్లె వేయించలేక నా గొంతు పోయింది. ఏనాడూ నోరు విప్పలేదది. నీ దగ్గర లేచి వెళ్ళి, 'వైట్' తీసి గోడకు తగిలించి, పకపకా నవ్వింది. నాకు కడుపు రగిలిపోయింది. మరి నువ్వు ఇన్నేళ్ళూ ఏం చెప్పావయ్యా అని ఇన్‌స్పెక్టరు నన్నడిగితే? క్రియల జోలికి కావాలనే పోలేదు. ఆబ్జెక్టు దాకా బాగానే వస్తావు, కాంప్లిమెంటు దగ్గర చేతులెత్తేస్తావు, ఆయన నిన్ను అక్కడే పట్టుకుంటాడనుకున్నాను. ఇదిగో, టిఫిన్ డబ్బాలో ఉన్నాయి అన్నీ. పద, నువ్వు సగం బిగించు, నేను సగం బిగిస్తాను. ముందు బాబాయ్‌ని ఉండమని చెప్పు, పెద్ద మేడమ్‌తో నేను మాట్లాడతాను. మీ అమ్మకు మాత్రం చెప్పకే... వద్దులే, చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్పాల్సొస్తుంది."