మార్చి రాయి మీద ఎర్రచుక్కలు

పొద్దున లేవగానే ఓటిలీ పొయ్యి రాజేయదు, మొహం కడుక్కోదు. ముందు కిటికీ పక్క సొరుగు తీసి, ఓపల్ ఉంగరాల కింద పరిచిన దూది తడి ఆరిందేమో వేలితో తాకి చూస్తుంది. ఆరితే రాళ్ళు పగుళ్ళిస్తాయని నాలుగు చుక్కల నీళ్ళు చల్లుతుంది. ఆ తరవాతే కాఫీ. భర్త బతికున్నన్నాళ్ళూ దీని మీద సణుగుతూనే ఉండేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది, ఓపల్ రాళ్ళు మాత్రం సొరుగులో నిక్షేపంలా ఉన్నాయి.

ఈడార్ లోయలో పుట్టిన ప్రతి బిడ్డకీ జ్ఞానస్నానం రోజున పుట్టిన నెల రాయి కడతారు. జనవరికి గార్నెట్, ఫిబ్రవరికి ఊదారాయి, మార్చికి నెత్తుటిరాయి, అలా పన్నెండు. పాస్టరుగారు ఈ సంగతిని బైబిల్లోని ప్రధాన యాజకుడి ఎదపలకలో పొదిగిన పన్నెండు రాళ్ళ దగ్గర మొదలుపెట్టి చెబుతారు, ముసలమ్మలు అంతకన్నా వెనక్కి వెళతారు. ఎక్కడ మొదలుపెట్టినా వచ్చి ఆగేది ఒక్కచోటే. మనిషికి తగిలిన దెబ్బ రాయిలోకి పోతుంది. నొప్పి మనిషిదే, అందులో వాటా లేదు. ఎముక విరగదు, ఒళ్ళు కమలదు, అంతే. గార్నెట్‌లో సన్నగా ఒక చీలిక పడుతుంది, ఊదారాయి రంగు కాస్త వెలుస్తుంది, ముదురాకుపచ్చ నెత్తుటిరాయి మీద కొత్తగా ఒక ఎర్రచుక్క పుడుతుంది.

ఇంత చక్కటి ఏర్పాటున్న ఊళ్ళో మగవాళ్ళు చెయ్యి అదుపులో పెట్టుకోవలసిన అవసరం ఏముంది? పెట్టుకోలేదు. తల్లులూ పెట్టుకోలేదు, బడిపంతులూ పెట్టుకోలేదు. ఏమన్నా అంటే "రాయి చూసుకుంటుందిలే" అనేవారు.

అయితే రాయి నిండిపోతే ఇంక తీసుకోదు. అందుకని పుట్టినరోజు వచ్చేసరికి జనం తమ రాయిని ఓటిలీ దగ్గరికి తెచ్చుకునేవారు. ఆవిడ దాన్ని ఉంగరం గూట్లోంచి ఊడదీసి, నీళ్ళు చిలకరిస్తూ, చెక్క రోలరు మీద మెరుగుపొడితో రోజుకి ఒక్క మరక చొప్పున అరగదీసేది. ఆ నీళ్ళు తూములోంచి కాలవలో కలిసేవి. మార్చి రాళ్ళు అరగదీసే రోజుల్లో కాలవలో చేపలు ఎవరో తన్నినట్టు గట్టెక్కి కొట్టుకునేవి, పిల్లలు వాటిని ఏరుకుపోయి వేయించుకునేవారు.

ఆ పొద్దున కాఫీ చల్లారకముందే రొట్టెలకొట్టు కరోలా వచ్చి మే నెల పచ్చ ఉంగరం బల్ల మీద పెట్టింది.

"వెనిగర్‌తో కడిగావా?" అంది ఓటిలీ.

"కొంచెమే."

"పచ్చరాయిని వెనిగర్‌తో కడుగుతారటే? పగుళ్ళు కనపడకుండా పట్టించిన నూనె కాస్తా పోయి, లోపలివన్నీ బయటపడ్డాయి చూడు. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పిండి పిసికేటప్పుడు తీసి పక్కన పెట్టు."

"తీస్తే, సరిగ్గా అప్పుడే మా ఆయన వస్తే?" అంది కరోలా మామూలుగా.

ఓటిలీ ఉంగరాన్ని నూనెగిన్నెలో వేసి, వారం తరవాత రమ్మంది.

కరోలా వెళ్ళిన తలుపులోంచే అమాలీ వచ్చింది. అమాలీ ఓటిలీ అన్న కూతురు. అయిదో ఏట తల్లీతండ్రీ జ్వరంలో పోతే ఓటిలీయే తెచ్చి పెంచింది, పంతొమ్మిదో ఏట ఎగువ మిల్లులో రాళ్ళు సానపట్టే వెండెల్‌కిచ్చి పెళ్ళి చేసింది. అయిదేళ్ళయింది. ఏడాదికోసారి తేవలసిన ఉంగరాన్ని అమాలీ మొదట ఆరునెలలకోసారి, తరవాత మూణ్ణెల్లకోసారి తేవడం మొదలుపెట్టింది. ఓటిలీ ప్రతిసారీ రాయిని పైకి ఆకుపచ్చగా చేసి పంపేది, లోతుకి దిగిన పాత మరకలు అడుగునే ఉండిపోయేవి. శుభ్రంగా చేసి పంపుతున్నానని తృప్తిగానే ఉండేది. వెండెల్‌కి మళ్ళీ మళ్ళీ ఖాళీ రాయి అందిస్తున్నది తనేనన్న ఆలోచన కూడా ఒక్కోసారి వచ్చేది, ఆవిడ దాన్ని నిలవనిచ్చేది కాదు.

"క్రిస్మస్‌కి చేసిచ్చాను కదే," అంది ఉంగరం అందుకుంటూ.

"అవును."

"మూణ్ణెల్లు కూడా కాలేదు."

"నువ్వు నెలలు లెక్కపెడుతున్నావు అత్తా. అతను పెట్టట్లేదు."

ఓటిలీ రాయిని గూట్లోంచి ఊడదీసి వెలుతురుకి పెట్టింది. చిటికెనవేలి గోరంత మందం కూడా లేదు. ఎక్కడా ఆకుపచ్చ లేదు. అంచు నుంచి అంచుదాకా ఎరుపే.

"నిండిపోయిందే."

"తెలుసు. నిన్న సూపు చల్లారిందని మళ్ళీ చెయ్యి మెలిపెట్టాడు. అది రాయిలోకి పోలేదు." అమాలీ చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి మీద అరచేతి వెడల్పున నల్లగా, అంచుల్లో ఎర్రగా ఏదో ఉంది. "కడిగితే పోతుందేమో అనుకున్నాను. పోలేదు."

యాభై రెండేళ్ళ వయసులో ఓటిలీ మనిషి ఒంటి మీద కమిలిన మచ్చ చూడటం అదే మొదలు. చేత్తో తాకబోయి ఆగిపోయింది.

రాయిని ఇంకొక్కసారి అరగదీస్తే పొరలా విరిగిపోతుంది. తియ్యకుండా వదిలేస్తే ఇకమీద ప్రతి దెబ్బా ఒంటి మీదే. కొత్త రాయి కొనే వీల్లేదు. జ్ఞానస్నానం నాడు కట్టినదే రాయి, తరవాత కొనేవన్నీ ఉత్త నగలు. వెండెల్ చేతులు ఎలాంటివో ఓటిలీకి తెలుసు. రోజుకి పదిగంటలు చక్రానికి రాయి అదిమిపట్టే చేతులవి. ఈస్టరు దాకా పిల్ల బతకదు.

"పద," అంది ఓటిలీ రాయిని గుప్పిట్లో పెట్టుకుని.

"ఎక్కడికి?"

"మిల్లుకి. నిక్లాస్‌తో చెప్పిస్తాను. అతని మాట కాదనడు."

నిక్లాస్ ఎగువ మిల్లు పెద్ద. మిల్లులో ఎవరు ఏ చక్రం ముందు పడుకోవాలో, ఎవరిని పనిలోంచి తీసెయ్యాలో ఆయనే చెబుతాడు. వీళ్ళు వెళ్ళేసరికి మంచు కరిగిన నీళ్ళు కాలవ నిండా వచ్చి, మనిషికన్నా ఎత్తయిన అయిదు సానచక్రాలూ హోరుమని తిరుగుతున్నాయి. వాటి ముందు అయిదుగురు మగవాళ్ళు పొట్ట ఒంపుకి తగ్గట్టు తొలిచిన బల్లల మీద బోర్లా పడుకుని, నేలకి కొట్టిన పట్టీకి కాళ్ళు తన్నిపట్టి, ఒంటి బరువంతా రాళ్ళ మీద వేసి సానపడుతున్నారు. ఆడవాళ్ళు లోపలికి రావడం చూసి ఒక్కొక్కరే లేచి కూచున్నారు.

"ఏం అత్తగారూ," అన్నాడు వెండెల్ మొహం మీది ఎర్రబురద తుడుచుకుంటూ. "కబుర్లకి ఇంట్లో చోటు చాల్లేదా?"

ఓటిలీ అతనికేసి చూడకుండా రాయిని నిక్లాస్ చేతిలో పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో ఆకుపచ్చ ఎక్కడుంది?"

"లేదు."

"మార్చి పిల్ల కదా, ఎరుపు దాని జన్మలోనే ఉంది," అన్నాడు వెండెల్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నిక్లాస్ నవ్వలేదు. రాయిని తెచ్చి ఓటిలీకి తిరిగి ఇచ్చేశాడు.

"వాళ్ళింటి సంగతి అది, ఓటిలీ. శుభ్రం చేసి ఇచ్చెయ్యి. నీ పని అదేగా."

"శుభ్రం చెయ్యడానికి రాయి ఏది? చెయ్యి ఆపమని చెప్పు వీడికి. లేకపోతే పనిలోంచి తీసేస్తానని చెప్పు."

"అయిదు చక్రాల్లో మూడో చక్రం వీడిది. వీణ్ణి తీసేసి ఎవర్ని పడుకోబెట్టను?"

వెండెల్ బల్ల మీంచి దిగి వచ్చాడు. "అసలు తప్పు మీది అత్తగారూ. పదిహేనురోజులు చెక్క మీద పెట్టి నిమురుతూ కూచుంటే రాయి అరక్క చస్తుందా? ఇటివ్వండి. మీరు తలగుడ్డ సర్దుకునేలోపల పైన ఎరుపు లేపేస్తాను."

"పుట్టిన రాయిని పెద్దచక్రం మీద పెట్టరు, వెండెల్," అన్నాడు నిక్లాస్.

"పెడితే?"

"పెట్టరు."

"పెడితే ఏమవుతుందో చూశావా ఎప్పుడన్నా?"

"ఎవడూ పెట్టలేదు, నేనెలా చూస్తాను?"

"మరింకేం," అని వెండెల్ చెయ్యి చాపాడు.

ఓటిలీ గుప్పిట బిగించింది. వాడు పెడరెక్కలు విరిచి లాక్కున్నా ఇవ్వకూడదనుకుంది. కానీ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నది వెండెల్ కాదు. అమాలీ అత్త వేళ్ళని ఒక్కొక్కటే విప్పింది.

"ఇచ్చెయ్ అత్తా."

"మతి పోయిందా నీకు? ఇది పోతే నిన్ను కాచేదేది?"

"ఉండి ఏం కాచింది?" అని అమాలీ రాయి తీసుకుని మొగుడి అరచేతిలో పెట్టింది. "తీసుకో. పెట్టినవాడివి నువ్వే, తియ్యడం కూడా నువ్వే తియ్యి."

వెండెల్ లక్క కరిగించి రాయిని పుల్లకి అంటించాడు. తను ఎంత పనివాడో నలుగురూ చూస్తున్నారన్న ఉత్సాహం మొహంలో తెలిసిపోతోంది. బోర్లా పడుకుని, కాళ్ళు పట్టీకి తన్నిపట్టి, రాయిని చక్రానికి ఆనించాడు. చక్రం మీంచి నీళ్ళు ఎర్రగా లేచాయి.

వెండెల్ కుడి మోచెయ్యి వెనక్కి మెలితిరిగింది. చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కటుక్కుమన్న చప్పుడు చక్రాల హోరులో కూడా వినపడింది.

"అది మొన్నటిది," అంది అమాలీ.

అతను అరిచాడు. రెండో చేత్తో పుల్లని లాగబోయేసరికి చెవి మీద పడింది దెబ్బ. తల బల్లకి కొట్టుకుంది. చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది.

"అది ఆదివారం చర్చి ముందు మీ తమ్ముడు పలకరిస్తే బదులు చెప్పినందుకు."

ఆ తరవాత దెబ్బలకి విడివిడిగా పేర్లు పెట్టే వ్యవధి లేకపోయింది. అంత పల్చటి రాయి పెద్దచక్రానికి ఏ మూలకి? పొరలు పొరలుగా లేచిపోతోంది, లేచిన ప్రతి పొరా అతని మీద పడుతోంది. బూటుకాలి దెబ్బకి పక్కటెముక లోపలికి పోయింది. పెదవి చిట్లింది. రెండు పళ్ళు బురదలో పడ్డాయి. గొంతు మీద నాలుగు వేళ్ళూ బొటనవేలూ నొక్కుకుపోయి, మొహం నల్లబడి, గిలగిల్లాడాడు. పక్క చక్రాల వాళ్ళు కాళ్ళు పట్టుకుని లాగారు. లాగి నేల మీద పడుకోబెట్టినా దెబ్బలు ఆగలేదు. పుల్ల బల్లకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోయింది, రాయి అరుగుతూనే ఉంది. అతని మెడలో నవంబరు పుష్యరాగం గీత కూడా పడకుండా తళతళలాడుతోంది. ఒక రాయి మోసిన దెబ్బని ఇంకో రాయి మొయ్యదని ఊరికి ఆ రోజే తెలిసింది.

నిక్లాస్ పరిగెత్తి తూము పలక దించి నీళ్ళు ఆపాడు. అంత పెద్ద చక్రం ఒక్కసారి ఆగదు. హోరు తగ్గుతూ, తగ్గుతూ, నెమ్మదిగా తిరుగుతోంది. వెండెల్ మీద దెబ్బలు పలచబడ్డాయి. ఒకటి, కాసేపాగి ఇంకొకటి.

"అది పెళ్ళిరాత్రిది," అంది అమాలీ. "అదే మొదటిది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయిపోయిందనుకున్నారు. వెండెల్ పక్కకి దొర్లి మూలుగుతున్నాడు. ప్రాణం ఉంది, కానీ ఆ చెయ్యి ఇంక రాయి పట్టదని చూసిన ప్రతివాడికీ తెలుస్తోంది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని ఓటిలీకి అనిపించలేదు. కళ్ళనిండా చూసింది.

చక్రం చివరి చుట్టు తిరిగింది. పుల్లకి మిగిలిన ఆఖరి పొర లేచిపోయింది.

ఓటిలీ ఎడమచెంప మీద చెళ్ళుమంది.

ఆవిడ ముందు ఎవరు కొట్టారా అని పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. తలగుడ్డ ఊడి భుజం మీద పడింది. చెవిలో గంట కొట్టినట్టు మోగుతోంది. చెంప మండుతోంది, ఆ మంట కంట్లోకీ పంట్లోకీ దిగుతోంది. జూన్ నెల అకీకురాయి ఆవిడ వేలికి ఉన్నది ఉన్నట్టే ఉంది. మిల్లులో అందరూ ఆవిడ మొహంకేసే చూస్తున్నారు. అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. వాటిలో ఉంగరపు వేలు కణుపు దగ్గర పక్కకి ఒంగి ఉంది. మెరుగు పెట్టీ పెట్టీ అలా ఒంగిపోయిన వేలు ఆ లోయలో ఒక్కరికే ఉంది.

నెత్తుటిరాయి అడుగున ఎప్పుడూ ఒక చిన్నచుక్క ఉండేది. ఓటిలీ ఎన్నిసార్లు అరగదీసినా దాని జోలికి పోలేదు. పుట్టుకతోనే ఉన్న ఎరుపు, రాయికి అందం అనుకునేది.

పెళ్ళికి ముందురోజు అమాలీ వంటింట్లో నిలబడి, ఇతన్ని చేసుకోనంది. మిల్లు కుక్కని ఇతను చచ్చేదాకా కొట్టడం తన కళ్ళతో చూశానంది. పిండివంటలన్నీ అయిపోయాయి, ఊరంతా పిలుపులు వెళ్ళాయి. ఓటిలీ చెయ్యెత్తి ఒక్కటి కొట్టింది. "నీకేమవుతుందే, రాయి ఉందిగా," అంది. పిల్ల చెంప మీద ఏమీ కనపడలేదు. ఆవిడా మరిచిపోయింది.

అమాలీ వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, ఆ అచ్చుని చాలాసేపు చూసింది.

"ఇలా ఉండేదన్నమాట," అంది.

ఓటిలీ నోరు తెరిచింది. క్షమించమనాలని ఉంది. దవడ కదిలిస్తే ప్రాణం పోతోంది. అయిదేళ్ళుగా ఈ పిల్ల ఇంత నొప్పితో వచ్చి తన బల్ల ముందు కూచుని కాఫీ తాగి వెళ్ళిందని అప్పటికి గాని ఆవిడ ఒంటికి తెలిసిరాలేదు. నిలబడలేక వెండెల్ ఖాళీ చేసిన బల్ల మీద కూలబడి ఏడ్చింది.

"నొప్పి సాయంత్రానికి తగ్గుతుంది," అంది అమాలీ. "చన్నీళ్ళ గుడ్డ వేసుకో." తలగుడ్డ తీసి అత్త ఒళ్ళో పెట్టి, మొగుడి కాళ్ళు దాటి బయటికి నడిచింది.

గుమ్మం దగ్గర నిక్లాస్ అడ్డం వచ్చాడు. "రాయి లేకుండా ఎక్కడికి పోతావమ్మా? ఎవడన్నా చెయ్యి చేసుకుంటే?"

"కనపడుతుంది," అంది అమాలీ.

ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఆమె వంతెన దాటి, ఇంటివైపు కాకుండా ఓబర్‌స్టైన్ రైలుస్టేషన్ వైపు తిరిగింది. ఓటిలీ చెంప చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమాలీ మలుపు తిరిగేదాకా చూసింది, వెనక్కి రమ్మని పిలవలేదు.