పక్క చాప

అల వస్తుంది.

అల పోతుంది.

తడి ఇసుకలోకి నీళ్లు ఇంకుతున్న చప్పుడు... ఎవరో పళ్ల సందులోంచి మెల్లగా గాలి పీల్చినట్టు.

మళ్లీ అల వస్తుంది.

కళ్లు మూసుకుని వింటున్నాను. వీపు కింద చాప. చాప కింద చల్లని గచ్చు. గచ్చు దాటితే ఇసుక. ఇసుక దాటితే సముద్రం.

నా పక్కన ఇంకో చాప.

ఖాళీది.

నేను బడిలో వ్యాకరణం చెబుతాను. వ్యాకరణం చెప్పేవాళ్లకు ఉదాహరణలు కావాలి. పుస్తకంలో ఉన్నవి పిల్లలకు నిద్ర తెప్పిస్తాయి. అందుకని నేను మా ఆయన్ని వాడుకున్నాను.

మా ఆయన గొడుగు మరిచిపోయారు — భూతకాలం.

మా ఆయన గొడుగు వెతుకుతున్నారు — వర్తమానం.

మా ఆయన రేపు కొత్త గొడుగు కొంటారు — భవిష్యత్తు.

పిల్లలు నవ్వుతారు. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలకు కూడా ఆయన గొడుగు తెలుసు. మబ్బు పట్టిన రోజున వెనక బల్లల నుంచి ఎవరో ఒకరు అడుగుతారు — "సార్ ఇవాళ గొడుగు తీసుకెళ్లారా టీచర్?"

నాలుగోది ఒకటుంది. తద్ధర్మం. అది నిన్నటిది కాదు, ఇవాళ్టిది కాదు, రేపటిది కాదు. ఎప్పటికీ ఉండేది. స్వభావం.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. నీరు పల్లానికి పారుతుంది.

మా ఆయన గొడుగు మరిచిపోతారు.

వానలు మొదలవకముందే ఆయన పోయారు. గుండె. కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ... ఒక కాలికి కట్టుకున్నారు.

కొన్నాళ్లకు మళ్లీ బడికి వెళ్లాను. ఆ రోజు పాఠం, కాలాలు. చెయ్యి అలవాటు కొద్దీ బోర్డు మీద రాసింది —

మా ఆయన గొడుగు

అక్కడ సుద్దముక్క ఆగింది.

మన భాషలో క్రియ చివర వస్తుంది. అది వచ్చేదాకా వాక్యం కూర్చోదు, గుమ్మంలో నిలబడి ఉంటుంది. నేనూ నిలబడ్డాను. పిల్లలు నవ్వలేదు. గంట కొట్టేదాకా ఎవరూ కదలలేదు.

"కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి టీచర్" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. "పాఠం ఎక్కడికి పోతుంది?"

పాఠం ఎక్కడికీ పోలేదు. వచ్చే సోమవారం నేను మళ్లీ ఆ తరగతిలోకి వెళ్లాలి. బోర్డు ఎప్పుడో తుడిచేసి ఉంటారు. ఆ వాక్యం మాత్రం నాలోనే నిలబడి ఉంది, గుమ్మంలో.

ఇక్కడికి పంపింది మా ఆడపడుచు. ఆయన చెల్లెలు. బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. మిషను తొక్కుతూనే ఫోన్‌లో మాట్లాడుతుంది.

"వదినా, నిద్రపోతున్నావా?"

"పడుకుంటున్నాను."

"నేనడిగింది అది కాదు."

మిషను చప్పుడు కాసేపు.

"సముద్రం ఒడ్డున ఎవరో యోగా నేర్పుతున్నారట. ఒక వారం అక్కడే ఉండొచ్చు. జాకెట్లకు వచ్చే ఆవిడ వెళ్లొచ్చింది. వెళ్లేటప్పుడు నడుము పట్టుకుని వెళ్లింది. వచ్చాక ఆ నడుము ఎక్కడుందో వెతుక్కుంటోంది."

"నాకు నడుము నొప్పి లేదు."

"నీకు ఎక్కడ నొప్పో నాకు తెలియదనుకున్నావా? ఆడపడుచు అర్ధమొగుడన్నారు. చెప్పినట్టు విను. బట్టలు సర్దుకో."

సర్దుకున్నాను.

పొడుగాటి హాలు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు సముద్రం. నేర్పే ఆవిడను అందరూ యోగా మేడమ్ అంటారు. ఒకప్పుడు ఈత నేర్పేవారట. ఇప్పుడు కూడా మమ్మల్ని నీళ్లలో దింపుతున్నట్టే మాట్లాడతారు — మునగనివ్వను, భయపడకండి, అన్నట్టు.

"పీల్చండి."

పీల్చాను.

"వదలండి."

పీల్చడం వచ్చింది. వదలడం రాలేదు. ఆయన పోయిన రోజు నుంచి ఊపిరి సగం లోపలే దాచుకుని తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది. ఆ సగం ఎందుకు దాచుకున్నానో తెలియలేదు. వదిలితే ఏమవుతుందో తెలియదు.

మేడమ్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"బయటికి తొయ్యకండి. దారి ఇవ్వండి చాలు. అదే పోతుంది."

అది పోలేదు. కానీ ఆ మాట నచ్చింది. దారి ఇవ్వడం.

చివర అందరూ వెల్లకిలా పడుకునే ఆసనం ఒకటుంది. మొదటి రోజు మేడమ్ దాని పేరు పలికారు. నా ముఖం చూశారు. రెండో రోజు నుంచి ఆ పేరు లేదు. "పడుకోండి" అంటారు. అంతే.

మాటలు చూసి వాడేవాళ్లంటే నాకు ఇష్టం.

చాప సంగతి చెప్పాలి.

మొదటి సాయంత్రం వంటాయన టీ పోస్తూ అడిగాడు. "పంచదార ఎన్ని చెంచాలు టీచరమ్మా?"

"ఒకటి చాలు. మా ఆయనే మూడు వేసుకుంటారు."

నోరు జారలేదు. అది నేను ఎప్పుడూ అనే మాట. పెళ్లయిన దగ్గర్నుంచి ఎక్కడ టీ తాగినా అనే మాట.

తెల్లారి నా చాప పక్కన ఇంకో చాప పరిచి ఉంది. బల్ల మీద రెండు కప్పులు.

"ఇదెవరిది?"

"సార్‌దండి. మూడు చెంచాలేశాను. పొద్దున బస్సుకి వస్తారేమోనని."

వంటాయన తప్పు లేదు. మన భాషలో ఎప్పుడూ జరిగేదానికీ, రేపు జరగబోయేదానికీ మాట ఒకటే. వేసుకుంటారు. లేస్తారు. వస్తారు. నేను అన్నది తద్ధర్మం. ఆ మనిషి విన్నది భవిష్యత్తు.

నేనే చెప్పాలి.

చెప్పలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లు నన్ను చాలాసార్లు సరిదిద్దారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. "వేసుకునేవారు అనాలమ్మా ఇక" అన్నారు పక్కింటి పిన్నిగారు, నా వీపు నిమురుతూ. ఇన్నేళ్లు ఊళ్లో పిల్లల కాలాల్ని దిద్దినదాన్ని. నా కాలాన్ని ఊరు దిద్దుతోంది. మంచి విద్యార్థిలాగా తల ఊపాను. ఆ మాట మాత్రం నోటికి రాలేదు.

ఇక్కడ ఎవరూ దిద్దలేదు. పైగా చాప వేశారు.

"ఉంచమంటారా?" అని మేడమ్ మెల్లగా అడిగారు.

ఉంచండి, అన్నాను.

రోజులు ఇలా గడిచాయి —

పొద్దున్నే ఇసుక మీద నడక. పాదం దిగుతుంది, నీళ్లు వచ్చి ఆ గుంటను నింపుతాయి. వెనక్కి చూస్తే నడిచినట్టే ఉండదు. బాగుంటుంది.

చెట్టులాగా ఒంటికాలి మీద నిలబడటం. నా ముందు వరసలో పళ్ల డాక్టరుగారు ఉంటారు. ఆయన చెట్టు రోజూ కూలుతుంది.

"నా మోకాలికీ నాకూ మాటల్లేవు టీచరుగారూ" అన్నారు ఒకరోజు, చాప మీద కూలబడి. "జీవితమంతా జనాన్ని నోరు తెరవమన్నాను. ఇక్కడేమో నన్ను నోరు మూసుకుని ముక్కుతో పీల్చమంటున్నారు. ఉసురు తగలడమంటే ఇదే."

నా కాలు వణికింది. పడలేదు.

మధ్యాహ్నం బొప్పాయి ముక్కలు. రుచి తెలిసింది. తీపి అనే మాట చాలాకాలానికి నాలుక మీద కూర్చుంది.

భోజనమయ్యాక కిటికీ పక్క మంచం. తెర ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆకలి వేసి తిన్నందుకు, తిని పడుకున్నందుకు, పడుకుని నిద్రపోయినందుకు... సిగ్గుపడ్డాను. తరవాత ఆ సిగ్గు కూడా నిద్రపోయింది.

మెడ తేలికైంది. భుజాలు చెవుల దగ్గర్నుంచి దిగి వాటి చోటికి అవి వచ్చాయి. ఒళ్లు నా కంటే ముందే నన్ను క్షమించినట్టుంది.

పక్క చాప మీద రోజూ కాస్త ఇసుక చేరుతుంది. గాలి తెస్తుంది. నేను దులుపుతాను. మళ్లీ చేరుతుంది. మా ఆయన బూట్లతో ఇంట్లోకి వస్తారు, నేను ఊడుస్తాను, మళ్లీ వస్తారు. అదే పని. తృప్తిగానే ఉంది.

కానీ వంటాయన రోజూ మూడు చెంచాలు వేస్తున్నాడు. రోజూ ఆ టీ చల్లారుతోంది. రోజూ బస్సు వచ్చే వేళకు గేటు దాకా వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వెనక్కి వస్తున్నాడు. "పనుండి ఉంటుందిలెండి" అంటాడు నాతో. నన్ను ఓదారుస్తాడు.

నా మాట పట్టుకుని ఇంకో మనిషి గేటు దగ్గర ఎదురుచూడటం... అది మాత్రం బాగుండలేదు.

ఒక పొద్దున వంటగది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను.

"ఆయన రారండి."

"రేపు?"

"రేపూ రారు."

వంటాయన చేతిలో చెంచా ఆగింది. నా సుద్దముక్క ఆగినట్టే. నా ముఖం చూశాడు. నా ముఖంలో కనపడాల్సింది కనపడింది.

పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

"ఎరగనమ్మా" అన్నాడు చివరికి. "కప్పు తీసెయ్యమంటారా?"

చెప్పినందుకు నేల బద్దలు కాలేదు. బయట అల వచ్చింది. అల పోయింది. రారు — ఈ మాట కూడా అంతే. ఇవాళ్టికీ, రేపటికీ, ఎప్పటికీ ఒకటే. పలికాను. నిలబడే ఉన్నాను.

"ఉంచండి" అన్నాను. "మా ఆడపడుచు వస్తుంది."

అలా అని నాకే అప్పటిదాకా తెలియదు.

ఫోన్ చేశాను. మిషను చప్పుడు.

"ఇక్కడికి రా."

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. నా పక్కన చాప ఖాళీగా ఉంది."

మిషను ఆగింది.

నన్ను నిద్రపోతున్నావా అని రోజూ అడిగిన మనిషి. అన్నను పోగొట్టుకున్న మనిషి. నువ్వు నిద్రపోతున్నావా అని ఆమెను ఎవరు అడిగారు? నేను అడగలేదు.

"షాపు..." అంది.

"మూసెయ్."

"ఎవరివో పెళ్లి బట్టలున్నాయి వదినా."

"పెళ్లి ఎక్కడికీ పోదు. వదిన తల్లి తరవాత తల్లి. నోరు మూసుకుని బట్టలు సర్దుకో."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "సరేలే" అంది. "సామెతలు నేర్పితే నా మీదకే వచ్చావు."

మధ్యాహ్నం వాన కొట్టింది. గేటు తోసుకుని వచ్చింది మా ఆడపడుచు. నిలువునా తడిసి, సంచి గుండెలకు హత్తుకుని.

"గొడుగేదే?"

"బస్సులో."

"మరిచిపోయావా?"

"దిగేటప్పుడు వాన లేదు వదినా. వాన లేనప్పుడు గొడుగు ఎవరికి గుర్తుంటుంది?"

అచ్చం ఆయన మాట. గొంతు వేరు. మాట అదే. ఆ ఇంట్లో పుట్టినవాళ్లందరికీ ఎవరో ఒక్కచోటే నేర్పినట్టు.

వంటాయన తువ్వాలు తెచ్చాడు. టీ తెచ్చాడు. పంచదార డబ్బా తెరిచాడు.

"ఎన్ని చెంచాలమ్మా?"

"మూడు."

వంటాయన నా వైపు చూశాడు. నేను వంటాయన వైపు చూశాను.

నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. ఆగలేదు. కడుపులోంచి వచ్చింది. ఎక్కడో దాచుకున్న ఆ సగం ఊపిరి — తోయలేదు, దారి ఇచ్చాను, అంతే — అదంతా పోయింది. నవ్వంటే వదలడమే కదా. యోగా మేడమ్ దూరం నుంచి చూశారు.

"ఎందుకు వదినా ఆ నవ్వు?" అంది నా ఆడపడుచు, నన్ను చూసి తనూ మొదలుపెట్టి. తరవాత ఆమె నవ్వు వంకర తిరిగింది. కప్పు కింద పెట్టింది.

"అన్నయ్య కూడా అంతే వదినా. గొడుగు..."

ఆగిపోయింది.

ఆమెకు కూడా క్రియ రాలేదు.

వాన చప్పుడు. రెండు కప్పుల పొగ. ఆమె నా ముఖం చూస్తోంది, తరగతిలో చివరి బల్ల పిల్లలాగా — నేను చెబుతానని.

"మరిచిపోతారు" అన్నాను.

కళ్లు తుడుచుకుంది.

"మరిచిపోతాడు" అంది.

దిద్దలేదు. నన్ను ఆమె, ఆమెను నేను.

తెల్లారి మా ఆడపడుచు పక్క చాప మీద కూర్చుంది. వంగమంటే విరిగింది. చెట్టులాగా నిలబడమంటే పళ్ల డాక్టరుగారి మీద పడింది. "ఇద్దరూ కలిసి ఒక చెట్టు అవుతారేమో చూడండి" అన్నారు మేడమ్. డాక్టరుగారు చాలా సంతోషించారు.

"పడుకోండి" అన్నారు చివర.

పడుకున్నాం.

కాసేపటికి పక్క చాప మీద నుంచి గురక. మొదట సన్నగా. తరవాత పడవ ఇసుక మీదికి లాగినట్టు. ఆ గురక నాకు తెలుసు. అందులో ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మళ్లీ అందుకుంటుందో తెలుసు. మా ఆయన గురక మీద ఎన్ని ఏళ్లు విసుక్కున్నానో. ముందు వరసలో ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. మేడమ్ లేపబోయారు. వద్దని చెయ్యి ఊపాను.

నిద్రపోతోంది. పోనివ్వండి.

సోమవారం తరగతిలో అడుగు పెడతాను. బోర్డు శుభ్రంగా ఉంటుంది. పిల్లలు నా చెయ్యి వైపు చూస్తారు. సుద్దముక్క మళ్లీ ఆగుతుందేమో, తెలియదు. ఆగితే పిల్లల్నే అడుగుతానేమో... అదీ తెలియదు. వాళ్లకు ఆయన గొడుగు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు మాత్రం వీపు కింద చాప. చాప కింద చల్లని గచ్చు. గచ్చు దాటితే ఇసుక.

పక్క చాప నిండుగా ఉంది.

అల వస్తుంది.

అల పోతుంది.

మా ఆయన గొడుగు —