జీతం కాగితం మీద నా కడుపుమంట

నేను ఒక పీకో మిషన్ని. నన్ను కుట్టు మిషన్ అంటే ఒప్పుకోను. జాకెట్లూ లంగాలూ కుట్టడం నా పని కాదు. కొత్త చీర రెండు చివర్లూ దారాలు ఊడి పీచులు తేలకుండా సన్నగా, వంకరటింకరగా కుట్టు వేస్తానే, దాన్ని పీకో అంటారు. చీర కింది అంచుకి లోపలివైపు ఒక పట్టీ గుడ్డ వేస్తారు, అది ఫాల్. ఈ రెండూ కాకుండా భీమవరంలో ఏ ఇల్లాలూ కొత్త చీర కట్టుకుని గుమ్మం దాటదు. ఇంత అవసరమైనదాన్ని కదా, నాకు తగిన మర్యాద దక్కిందా అంటే, లేదు. అది చెప్పుకోవడానికే నోరు విప్పాను. ముందే ఒప్పుకుంటున్నాను, నాకు అసూయ ఎక్కువ.

లూధియానాలో నన్ను పోతపోశారు. బెజవాడ డీలరు కొట్లో ఆరు నెలలు దుమ్ము తిన్నాక భీమవరం మావుళ్లు గారు కొనుక్కొచ్చి తన మ్యాచింగ్ సెంటర్లో మూల పెట్టారు. మావుళ్లు గారిది విచిత్రమైన స్వభావం. తన కొట్టుకు ఎంతమంది వచ్చారో ఆయనకు తెలియదు గానీ, ఎదురు కొట్టుకు ఎంతమంది వెళ్ళారో వేళ్ళ మీద చెప్పేవారు. పొద్దస్తమానం అటే చూస్తూ కూర్చుని మూడేళ్ళలో తన కొట్టు మూసేసుకున్నారు. ఈ జబ్బు నాకు ఆయన దగ్గరే అంటుకుందేమో.

సామాన్లన్నీ అమ్మేస్తున్న రోజున మూడు వేల రెండు వందలు పెట్టి నన్ను కొనుక్కున్నది సుభాషిణి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త త్రినాథ్ చేపల లారీ డ్రైవరు, కలకత్తా ట్రిప్పులు. నెలకు రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. వసారాలో కిటికీ పక్కన నన్ను పెట్టి, మొదటి సాయంత్రమే ఆమె నాలుగు చీరలు పూర్తి చేసింది. చెయ్యి తేలిక. గుడ్డను లాగదు, తొయ్యదు, దాని దారిన దాన్ని పోనిస్తుంది. నేను అప్పుడే ఆమె మీద మనసు పడ్డాను.

కానీ ఆమె మనసు నా మీద లేదు. ఎవరైనా వచ్చి "మీరేం చేస్తుంటారండీ" అని అడిగితే, ఎదురుగా నేను గడగడలాడుతున్నా సరే, "మాథ్స్ టీచర్నండీ" అనేది. స్కూలు వాళ్ళు ఎవరైనా వస్తున్నారంటే పాత దుప్పటి ఒకటి తెచ్చి నా మీద కప్పేసేది. టీచర్స్ డే నాడు పిల్లలు ఇచ్చిన గులాబీలూ పెన్నులూ తెచ్చి నా బల్ల మీదే పోసుకుని మురిసిపోయేది. పరీక్షల రోజుల్లో నా మీదే పేపర్లు పెట్టి దిద్దేది. ఎవడో ఒక వెధవాయి తప్పు చేసినా చివరికి సరైన జవాబు రాబట్టాడని తనలో తాను నవ్వుకునేది. నాతో ఆమె మాట్లాడేది దారం తెగినప్పుడే. "దీని దుంప తెగ!" అనేది. అంతే మా కబుర్లు.

ఇంకా మండే సంగతి చెప్తాను. స్కూలు వాళ్ళు ఏడాదికోసారి జీతం కాగితం ఒకటి ఇచ్చేవారు. దాన్ని బీరువాలో పట్టుచీర మడతలో పెట్టేది. నా సంపాదన పాత పౌడరు డబ్బాలో పడేది. పాలవాడికి, గ్యాసుకి, కూరలకి అందులోంచే తీసేది. ఎంత పడిందో, ఎంత తీసిందో ఎన్నడూ లెక్క చూడలేదు. లెక్కల టీచరు!

నిజానికి ఆ జీతం కాగితం పెద్ద అబద్ధాలకోరు. అందులో నెలకు తొమ్మిది వేలని ఉండేది. రిజిస్టరులో ఆమె సంతకం పెట్టేదీ తొమ్మిది వేలకే. చేతికిచ్చేది మాత్రం ఆరు. స్కూల్లో టీచర్లందరిదీ అదే కథ. ఎనిమిదేళ్ళుగా ప్రతి నెలా సంతకం పెట్టి వచ్చిన రోజున ఆమె మొహం చిన్నబోయి ఉండేది. ఒకసారి త్రినాథ్ "మానెయ్యరాదూ" అన్నాడు. "మానేస్తే పాఠం ఎక్కడ చెప్పనూ?" అంది. నేను వినలేదనుకున్నట్టున్నారు. విన్నాను. రెండు రోజులు కుట్లు వదిలేశాను.

ఆ ఏడు జూన్‌లో స్కూలు కరస్పాండెంటు గారు టీచర్లందరినీ పిలిచి ఒక హుకుం జారీ చేశారు. ఆడిట్లో జీతాల గురించి అడుగుతున్నారట. అందుకని ప్రతి టీచరూ తొమ్మిది వేల జీతం చూపించి ఇన్‌కంటాక్స్ రిటర్ను వేసి, ఆ రసీదు నకలు ఆఫీసులో ఇవ్వాలట. ఆడవాళ్ళకు లక్షా ముప్పై అయిదు వేల దాకా పన్ను లేదు, మీ జీతం లక్షా ఎనిమిది వేలే, పైసా కట్టక్కర్లేదు, కాగితం మీద సంతకమే కదా అన్నారట.

వీధి చివర ఉండే పానకాలరావు గారు టాక్స్ కన్సల్టెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తా చేసి రిటైరైన మనిషి. జూలై వచ్చిందంటే పేటలో సగం మందికి ఆయనే రిటర్నులు రాసేవారు. ఆయన భార్య చీరలన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. ఒక ఆదివారం ఉదయం ఫారాలు పట్టుకుని వచ్చి, ఇంట్లో మరో బల్ల లేక నా బల్ల మీదే పరిచారు. సుభాషిణి బీరువా తెరిచి, పట్టుచీర మడతలోంచి జీతం కాగితాన్ని తీసుకొచ్చి నా మీద పెట్టింది. కలరా ఉండల వాసన కొట్టింది. నా నెత్తినే కూర్చోబెట్టారు దాన్ని! సూది పెట్టి పొడవాలనిపించింది.

"జీతం లక్షా ఎనిమిది," అంటూ పానకాలరావు గారు పెన్సిలుతో వేసుకున్నారు. "ఇంకేవైనా ఆదాయం ఉందా అమ్మా? వ్యాపారం గట్రా?"

"ఏదో ఈ పీకో అండి. చిల్లర ఖర్చులకి."

చిల్లర ఖర్చులకట!

"ఎంతొస్తదేంటి ఏడాదికి?"

"ఎప్పుడూ చూడలేదండి."

"అయితే వదిలెయ్. జీతం ఒక్కటీ చూపించేద్దాం. పేటలో ఎవరు రాయిస్తున్నారు గనక ఇవన్నీ."

నా ప్రాణం ఉసూరుమంది. అబద్ధం చెప్పే కాగితం దర్జాగా ఫారం ఎక్కుతోంది. పొద్దూ మాపూ అరిగిపోయిన నేను లేనట్టేనట. కానీ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండటం సుభాషిణికి నచ్చలేదు. పిల్లవాడు ఒక మెట్టు ఎగరగొట్టి జవాబు రాస్తే ఎలా చూస్తుందో ఆ ఫారాన్ని అలా చూసింది.

"ఉండండి బాబాయిగారూ. ఫాల్ లేకుండా చీర లేదు కదా. ఏడాదికి ఎన్ని ఫాల్స్ కొన్నానో చూస్తే ఎన్ని చీరలు చేశానో తెలిసిపోద్ది," అంది.

నా సొరుగు లాగి, ఫాల్స్ కొట్టు బిల్లులన్నీ బయటికి తీసింది. నూట తొంభై రెండు డజన్లు. అంటే రెండు వేల మూడు వందల నాలుగు చీరలు. చీరకి నలభై చొప్పున కట్టి, ఓణీల, లంగాల అంచులకి వేసిన పీకో కూడా కలిపి, ఫాల్స్ ఖర్చు, దారాలు, కరెంటు తీసేసింది. మిగిలింది డెబ్బై ఎనిమిది వేలు. పెన్సిలు ఆపి ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. చేతికొచ్చే జీతం ఏడాదికి డెబ్బై రెండు వేలు. జీతం కన్నా నేను ఆరు వేలు ఎక్కువ తెచ్చాను!

నాకు ఆ పూట పండగే. మోటారు తిప్పకుండానే తిరిగినంత పనైంది.

పానకాలరావు గారు మాత్రం తల పట్టుకున్నారు. రెండూ కలిపితే లక్షా ఎనభై ఆరు వేలు. పన్ను ఎనిమిది వేల ఎనిమిది వందల డెబ్బై నాలుగు.

"బీమాలు, పొదుపులు ఏవైనా కట్టేవా?"

"మిగిల్తే కదండీ."

"చూడమ్మా, నీకు నిజంగా వచ్చిందాని మీదయితే పదిహేను వందలతో పోయేది. రాని జీతానికి ఏడు వేల పైచిలుకు పన్ను కట్టడం ఎంత తెలివితక్కువ! పీకో మాట ఎత్తకు. నా మాట విను."

సుభాషిణి జీతం కాగితం చేతిలోకి తీసుకుంది, మళ్ళీ కింద పెట్టింది.

"నేను తినని డబ్బేమో రాయమంటున్నారు, తిన్న డబ్బేమో దాయమంటున్నారు. ఇన్నేళ్ళూ ఇంట్లో పాలు, గ్యాసు అన్నీ దీని మీదే గడిచేయండి. రెండూ రాయండి బాబాయిగారూ. పన్ను నేను కడతాను," అంది.

దీని మీదే అన్నప్పుడు ఆమె చెయ్యి నా చక్రం మీద ఉంది. నేను చచ్చినా మరిచిపోను. ఆమె తన బంగారు గాజు ఒకటి తాకట్టు పెట్టి పన్ను కట్టింది. బ్యాంకు చలానాను మాత్రం బీరువాలో పెట్టలేదు, నా సొరుగులో పెట్టింది.

నకలు స్కూల్లో ఇచ్చింది. కరస్పాండెంటు గారు జీతం గడి చూసి సంతోషించారట, కింది గడి చూడలేదు. ఆగస్టు నెల జీతం రోజున మాత్రం సుభాషిణి రిజిస్టరులో సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చేసింది. మూడో రోజు ఆదివారం, స్కూలు గుమాస్తా జోగినాథం రిజిస్టరు చంకన పెట్టుకుని మా వసారాలోకి వచ్చాడు.

"ఆయ్, మేడంగారూ, మరిచిపోయినట్టున్నారు. ఇదిగోండి ఆరు వేలు. ఇక్కడొక సంతకం పడెయ్యండి."

"మరిచిపోలేదండీ. తొమ్మిది వేలకి కదా సంతకం. తొమ్మిది ఇవ్వండి, పెడతాను."

జోగినాథం నవ్వాడు. ఆమె నవ్వలేదు. సొరుగు లాగి చలానా తీసి నా బల్ల మీద పెట్టింది.

"మీరు ఇయ్యని మూడు వేలకి కూడా నేను సర్కారుకి పన్ను కట్టేనండి. చూసుకోండి. పన్ను కట్టేక ఆ డబ్బు నాది కాకుండా ఎలా పోద్ది?"

"అదేంటండీ, అందరూ పెట్టేశారు కదండీ. మీరొక్కరే ఇలాగంటే ఎలాగండీ? సోమవారం ఆడిటర్లు వస్తన్నారండీ బాబూ!"

"అయితే ఇవాళే తెచ్చి ఇవ్వండి. పీకో పనుంది నాకు," అని ఆమె నా పెడల్ మీద కాలేసింది. నేను ఒళ్ళు మరిచి ఎంత వేగంగా తిరిగానంటే, జోగినాథం బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళాడు, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. మరో మూడు వేలు నా బల్ల మీద లెక్కపెట్టాడు. ఆమె రెండుసార్లు ఎంచుకుని సంతకం పెట్టింది. ఎనిమిదేళ్ళలో చెప్పిన జీతం చెప్పినట్టు చేతికందడం అదే మొదటిసారి. అదే ఆఖరిసారి కూడా. ఆడిటర్లు వెళ్ళిన మర్నాడే, ఇక రానక్కర్లేదని కాగితం వచ్చింది.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు పట్టరాని ఆనందం వేసింది. సవతి పీడ వదిలింది. ఇక పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆమె నాదే. ఆమె ఏడవలేదు కూడా. మర్నాడు తొమ్మిదింటికే వచ్చి నా ముందు కూర్చుంది. వసారాకి బోర్డు కట్టించింది. దసరాకి రోజుకి పాతిక చీరలు చేశాం. అడిగిన వాళ్ళకి "పీకో చేస్తానండీ" అని చెప్పింది. నేను ఇన్నేళ్ళు ఏ మాట వినాలని అల్లాడానో ఆ మాట. ఏ రాగమూ లేకుండా, ధర చెప్పినట్టు చెప్పింది.

నాలుగున్నరకి స్కూలు పిల్లలు వీధిలో పోతుంటే ఆమె కాలు పెడల్ మీంచి దానంతటదే లేచేది. కుట్టు సగంలో ఆగిపోయేది. పిల్లలు మలుపు తిరిగాక మళ్ళీ వేసేది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మరుసటి ఏడాది రిటర్నులో కూడా ఆ పాడు జీతం అయిదు నెలలది మిగిలే ఉంది. దాని తర్వాతి ఏడాది జూలైలో పానకాలరావు గారు ఎప్పటిలా వచ్చి నా బల్ల మీద కాగితాలు పరిచారు. వ్యాపారం గడిలో లక్షా అరవై రెండు వేలు పడింది. అంతా నేను తెచ్చిందే. నా సూదులు ఎన్ని విరిగాయో, నా పట్టీ ఎన్నిసార్లు తెగిందో నాకు తెలుసు. ఆమె ఆ అంకెను చూసి ఒక్క మాటైనా అంటుందని కాచుకుని కూర్చున్నాను.

"జీతం గడిలో సున్నా వేసేస్తన్నానమ్మా," అన్నారు పానకాలరావు గారు.

ఆమె ముందుకు వంగింది. నా లక్షా అరవై రెండు వేల మీదుగా చెయ్యి దాటించి, ఆ సున్నా మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఈ ఏడు టెన్త్ వాళ్ళకి లెక్కలు ఎవరు చెప్పారో బాబాయిగారూ," అంది.

తొమ్మిది వేల మీద కుళ్ళుకున్నాను, ఆరు వేల మీద కుళ్ళుకున్నాను. ఆ పూట ఆ సున్నాను చూసి కుళ్ళుకున్నంత ఎన్నడూ కుళ్ళుకోలేదు.