పాటల బల్ల మీది టాబ్లెట్

ఇంట్లో మూడు తెరలెందుకు, రెండు చాలునని తీర్మానించి, ఎవాంథియా మూడోదాన్ని శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో ఇచ్చేసి వచ్చింది. దాని బదులు కొత్త ల్యాప్‌టాప్ ధరలో కొంత తగ్గించారు. ఆ సంబరం తండ్రికి చెబుదామని సాయంత్రం దాకా కాచుకుని కూర్చుంది.

అనెస్తిస్ ఆరున్నరకు వచ్చాడు. కవాలా అనే ఆ రేవుపట్నం బస్సుస్టాండులో టికెట్ల కిటికీ వెనక పొద్దుటినుంచీ నిలబడి వచ్చిన మనిషి. జులై నెల కావడంతో ఊరంతా సముద్రపొడ్డుకు పోయేవాళ్ళే, ఒక్కడికీ చిల్లర ఉండదు. బూట్లు విప్పే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడ్డాడు.

"నాన్నా, ఆ టాబ్లెట్ ఇచ్చేశాను."

"ఏ టాబ్లెట్?"

"మనింట్లో ఎన్నున్నాయేంటి? అదే, నా కాలేజీ రోజులది. వారమంతా నీ చర్చి సంచీలో పడి నిద్రపోతుంటుంది. ఫోన్‌లా జేబులో పట్టదు, ల్యాప్‌టాప్‌లా పని చెయ్యదు. రెంటికీ చెడ్డ రేవడి. ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు దాన్ని?"

"నేను వాడుతున్నానే."

"ఆదివారం మూడు గంటలేగా! నీ పాటల పుస్తకాల ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో వేశాను, నీ ఫోన్‌లోనూ వేశాను. పదకొండు వందల పేజీలు. ఒక్కటి పోతే నన్నడుగు."

పేజీలు పోతాయని కాదు అతని బెంగ. రెండేళ్ళుగా అతనికి ఎటు చూసినా నడిమధ్య మసక. అంచులు కనిపిస్తాయి, అసలుది కనిపించదు. ఎదుటి మనిషి చెవులుంటాయి, ముక్కు ఉండదు. డాక్టరు ఆ జబ్బుకు చెప్పిన పేరు పొడుగు, ఇచ్చిన ఆశ పొట్టి. టికెట్ల పని అలవాటు మీద నడిచిపోతోంది. పాటల పుస్తకం మాత్రం అలవాటుకు లొంగలేదు. అందుకే రెండు చలికాలాలు కూర్చుని పుస్తకాలన్నీ ఫొటోలు తీసుకున్నాడు. టాబ్లెట్ తెర మీద వేళ్ళతో లాగి, నాలుగంటే నాలుగు వరుసలు పట్టేలా పెద్దవి చేసుకుని, తల కాస్త పక్కకు తిప్పి చదువుకునేవాడు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, చర్చిలో చెప్పలేదు. ఇంకో చర్చి అయితే చెప్పేవాడేమో. అతను పాడేది పరస్కేవి పునీతురాలి చర్చిలో, ఆవిడేమో కళ్ళ జబ్బులు బాగుచేసే తల్లి. నలుమూలలనుంచీ జనం వచ్చి, కళ్ళు చెక్కిన రేకుముక్కలు ఆవిడ పటానికి కట్టి మొక్కుకుని పోతారు. ఆవిడ ముంగిట నలభై ఏళ్ళు గొంతు చించుకున్నవాడికే చూపు పోతోందంటే వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు? తన పరువు సరే, ఆవిడ పరువో?

"మంచి పని చేశావులే," అన్నాడు కూతురితో. కోప్పడడానికి ఓపికుండాలి. అది కాస్తా బస్సుస్టాండులోనే అయిపోయింది.

ఆదివారం ఏడింటికి కుడిపక్క పాటల బల్ల ముందు నిలబడి ఫోన్ తీశాడు. కుడి బల్ల పెద్ద గాయకుడిది, ఎడమ బల్ల రెండోవాడిది. ఇద్దరూ వంతులవారీగా పాడతారు. ఎడమపక్క ఉండే ప్రొద్రోమోస్ ఎలక్ట్రీషియన్, ముప్ఫై దాటినవాడు, అనెస్తిస్ దగ్గరే నేర్చుకున్నాడు. మంచి గొంతు, అంతకన్నా మంచి కళ్ళు.

ఆరాధనలో ఎనిమిది రాగాలు వారానికొకటి చొప్పున తిరుగుతాయి. ఆ వారానిది ఆరో రాగం. ఫోన్‌లో పేజీ పెద్దది చేస్తే తెర మీద రెండు మాటలే మిగిలి తక్కినవి గట్టు దాటిపోతున్నాయి. చిన్నది చేస్తే అన్నీ చీమలబారు. వెతికి వెతికి విసిగి, ఇదే అయ్యుంటుందనుకుని గొంతెత్తాడు. ఎత్తుకున్నది అయిదో రాగం, పోయిన వారానిది.

వంతు ఎడమపక్కకు వచ్చింది. ప్రొద్రోమోస్ ఒక్క క్షణం తటపటాయించి, గురువును నలుగురిలో తప్పుపట్టలేక, తనూ అయిదో రాగమే అందుకున్నాడు. అలా గురుశిష్యులిద్దరూ కలిసి చర్చి మొత్తాన్ని వారం వెనక్కి లాక్కుపోయారు. బలిపీఠం గది లోపలినుంచి ఫాదరుగారు దగ్గాడు. ముందువరుసలో కొవ్వొత్తులు చూసుకునే సుల్తానా మామ్మకు దగ్గేంత ఓర్పు లేదు.

"ఒరే అనెస్తీ! పోయిన వారం పాడిందేగా ఇది! పాచిది మళ్ళీ వడ్డిస్తావేంట్రా?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బస్సుస్టాండు నుంచి, రేపటి డ్యూటీ మారిందని.

ఆరాధన ముగిశాక, ప్రసాదం రొట్టెముక్క చేతిలో పెడుతూ ఫాదరుగారు గొంతు తగ్గించాడు. "మాస్టారూ, మన తల్లి పండగ ఇంకో వారమే ఉంది. బిషప్పుగారు వస్తున్నారు. ఈసారికి కుడి బల్ల ప్రొద్రోమోస్ చూసుకుంటాడులెండి. మీరు బాగా అలిసిపోయారు."

"అలిసిపోయిన మాట నిజమే ఫాదర్. అయినా పాడతాను."

"చూద్దాం," అన్నాడాయన. పెద్దల నోట చూద్దామంటే అది అయిపోయిన మాటేనని అనెస్తిస్‌కు తెలుసు. ఈ పండగకు దిగితే మళ్ళీ ఆ బల్ల ఎక్కేది లేదనీ తెలుసు.

గురువారం డ్యూటీ దిగాక, ఎవరూ లేని వేళ చూసి, కూతురు ఉద్యోగం చేసుకునే ల్యాప్‌టాప్ చర్చికి మోసుకుపోయాడు. పాటల బల్ల పైభాగం ఏటవాలు. ఆ వాలు మీద అది పడుకోదు, కూర్చోదు. నిలబెడితే జారింది. మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. మోకాలు కమిలింది గాని కూతురి ఉద్యోగం దక్కింది. గోడవార కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఎవరి మీదా కోపం రాలేదు. ఉత్త నీరసం వచ్చింది, అంతే.

శనివారం రొట్టెల దుకాణంలో సుల్తానా మామ్మ ఎవాంథియాను పట్టుకుంది.

"మీ నాన్న మొక్కు ఫలించలేదటే?"

"ఏం మొక్కు మామ్మా?"

"కళ్ళ రేకు కట్టాడుగా! రెండేళ్ళయింది. అందరూ పటం ముందు కడతారు, ఆయనగారు వెనక కట్టాడు, ఎవరి కంటా పడకూడదని. పటం వెనక దుమ్ము ఎవరు తుడుస్తారనుకున్నాడో ఏమో!"

"ఇంకెవరి కోసమో కట్టుంటాడు."

"రేకు మీద మేకుతో పేరు కూడా గీకాడే పిచ్చిదానా. నీ పేరు కాదు, నా పేరూ కాదు."

ఎవాంథియా రొట్టె తీసుకోకుండానే ఇంటికొచ్చింది. తను మాట్లాడుతుంటే తండ్రి తల పక్కకు తిప్పుకోవడం ఆమెకు గుర్తొచ్చింది. తన మాటంటే లెక్కలేదనుకుని రెండేళ్ళు ఎన్ని దెప్పిపొడుపులు పొడిచింది! పక్కకు తిప్పింది తన ముఖం కనబడడానికని ఇప్పుడు తెలిసి ఏడుపొచ్చింది. దుకాణానికి పరిగెత్తితే, ఆ టాబ్లెట్ సోమవారమే ఎవరో కొనుక్కుపోయారన్నారు. చివరికి రేవు దగ్గర కాఫీకొట్టు నడిపే స్నేహితురాలి కాళ్ళావేళ్ళా పడి, ఆర్డర్లు రాసుకునే టాబ్లెట్ పండగపూటకు అడిగి తెచ్చుకుంది. పేజీలన్నీ అందులోకి ఎక్కించింది. తండ్రితో మాత్రం ఏమీ అనలేదు. అన్నాళ్ళు దాచుకున్నవాడి దగ్గర ఎలా ఎత్తాలో తెలియలేదు.

పండగ పొద్దున అనెస్తిస్ అందరికన్నా ముందే వెళ్ళి కుడి బల్ల ముందు నిలబడ్డాడు. ప్రొద్రోమోస్ వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"మాస్టారూ, ఫాదరుగారు మీతో..."

"చెప్పారు. నువ్వెళ్ళి ఎడమపక్క నిలబడు నాయనా. పాడలేకపోతే నేనే దిగిపోతాను, నిన్ను దింపమని అడగను."

ప్రొద్రోమోస్ వెళ్ళాడు. ఫాదరుగారు లోపలినుంచి చూశాడు గాని, బిషప్పు గుమ్మంలో ఉండగా తగువెందుకని ఊరుకున్నాడు. ఆదివారమైనా పండగైనా పదకొండు కొట్టందే మంచం దిగని ఎవాంథియా, ఏడుకు అయిదు నిమిషాలుండగా తడిజుట్టుతో వచ్చి టాబ్లెట్ బల్ల మీద ఆనించింది. అది అక్కడ కుదురుగా కూర్చుంది. తండ్రి ఆమె వంక, అంటే ఆమె చెవి వంక చూశాడు.

"ఎవరు చెప్పారు?"

"పటం వెనక దుమ్ము చెప్పింది. పాడు నాన్నా."

మొదటి పాట నోటికొచ్చినదే, గట్టెక్కింది. రెండో దానికి తెర మీద వేళ్ళు పెట్టి లాగాడు. నాలుగు వరుసలు. మసక. ఇంకా లాగాడు. రెండు వరుసలు. అంతలో తెర మీద మూడో టేబులుకు రెండు చల్లకాఫీలని పడింది. ఎవాంథియా చటుక్కున చెరిపేసింది. ఇంకా లాగాడు. ఇప్పుడు తెరంతా ఒక్క మాటే ఉంది, దాని మధ్య అక్షరాలు లేవు. వారం వారం కొంచెం కొంచెంగా పెద్దవి చేసుకుంటూ వచ్చానని, ఆ టాబ్లెట్ పోకపోయినా ఈ పండగకు ఇదే జరిగేదని అతనికి అప్పుడు అర్థమైంది. కూతుర్ని మనసులోనైనా తిట్టుకునే వీలు లేకుండా పోయింది.

చర్చి నిండా జనం. గాయకుడు ఆగిపోయాడు. బిషప్పు తల తిప్పాడు.

ఎవాంథియా వంగి తండ్రి చెవిలో మొదటి వరుస గుసగుసగా చదివింది. అతను పాడాడు. రాగం చెప్పే గుర్తులు ఆమెకు రావు, ఆమె చదివింది ఉత్త మాటలే. రాగం అతని గొంతులో నలభై ఏళ్ళుగా ఉన్నదే. రెండో వరుస చదివింది. పాడాడు. అతని చిన్నప్పుడు రెండు బల్లలకీ కలిపి పుస్తకం ఒక్కటే ఉండేది. ఒకరు వరుస చదివితే గాయకుడు అందుకునేవాడు. తొమ్మిదో ఏట తన గురువుకు అలా చదివే అతను ఈ బల్ల దగ్గరికి వచ్చాడు. అయితే ఆ చదవడం గుసగుసగా ఉండేది కాదు, చర్చంతా వినబడేది.

మూడో వరుసకు ఆమె మళ్ళీ వంగింది.

"గొణగకే," అన్నాడు అనెస్తిస్, అందరికీ వినబడేలా. "నిటారుగా నిలబడి గట్టిగా చదువు. నాకు కనబడదు."

ముందువరుసలో సుల్తానా మామ్మ సిలువ గుర్తు వేసుకుంది. ఎవాంథియా నిటారుగా నిలబడి గట్టిగా చదివింది. వంతు ఎడమపక్కకు వెళ్ళినప్పుడు ప్రొద్రోమోస్ తన పుస్తకం మూసి, ఆమె చదివేదాకా ఆగి, అప్పుడు అందుకున్నాడు.

పదిన్నరకు అంతా అయింది. బిషప్పు ఏమన్నాడో అతను సరిగా వినలేదు. కాళ్ళు పీకుతున్నాయి. గోడవార కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఆ టాబ్లెట్ వాళ్ళది వాళ్ళకిచ్చెయ్యి. కాఫీలకి పనికొస్తుంది."

"మరి వచ్చే ఆదివారం ఎలా నాన్నా?"

"ఆరింటికి లేపుతాను."