అదనపు లైను

మా ఆడపడుచుకు కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. అద్దె గది దొరికేదాకా ఉంటానని మా ఇంటికి వచ్చింది. ఊరందరి చూపూ సరిచేస్తుందేమో గానీ, నాకు మాత్రం కంట్లో నలుసైంది. కారణం చెప్పడానికి నాకేం సిగ్గులేదు. నా కూతురు లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరకు రావడం మానేసి, అత్త గదిలోకి వెళ్తోంది.

నిన్నమొన్నటిదాకా నేను వంటగదిలో కూరగాయలు తరుగుతుంటే పక్కనే బల్ల మీద లెక్కలు చేసుకునేది. రోజంతటిలో ఆ కాసేపే మా ఇద్దరిదీ. ఇప్పుడు ఆ గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. సమీకరణాల్లో అంత నవ్వొచ్చేదేముందో నాకర్థం కాదు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. తప్పు ఏ మూల దాక్కున్నా నా ఎర్ర పెన్నుకు చిక్కాల్సిందే. అందుకే ఒక సాయంత్రం పిల్ల పుస్తకం లాక్కుని చూశాను. x + 7 = 15 కింద x + 7 − 7 = 15 − 7 అని ఒక అదనపు లైను రాసి ఉంది. ఏడును ఆ పక్కకు పంపితే గుర్తు మారుతుంది, మధ్యలో ఈ సాగదీత ఎందుకని అడిగాను.

"గుర్తు ఎందుకు మారుతుందమ్మా?" అంది.

మారుతుంది కాబట్టి మారుతుందన్నాను. మమ్మల్ని ఎవరైనా ఎందుకని అడగనిచ్చారా? రెండు పక్కలా ఒకే పని చేస్తే ఎందుకో తెలిసిపోతుందని అత్త చెప్పిందట. నోరు తెరిస్తే అత్త. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అత్త తప్పు ఒక్కటి పట్టుకుంటే చాలు, పిల్ల మళ్ళీ నా దగ్గరకొస్తుంది అనుకున్నాను.

మర్నాడే దొరికింది. 5 − 2x = 11 అనే లెక్కకు అత్త దగ్గరుండి చేయించిన జవాబు −3. నేను మనసులో చేసుకున్నాను. ఐదు అవతలికి వెళ్తే ఆరు మిగిలింది. మైనస్ రెండు అవతలికి వెళ్తే ప్లస్ రెండు. మొత్తం ఎనిమిది. సంబరంగా ఆ జవాబు మీద ఎర్రగా ఇంటూ గీసి, పక్కన 8 అని వేసి, పిల్లను కేకేశాను. మీ అత్త నేర్పిన లెక్క చూడమన్నాను.

పిల్ల చూసింది. పెన్సిలు తీసి x ఉన్నచోట ఎనిమిది పెట్టింది. ఐదులోంచి పదహారు పోతే మైనస్ పదకొండు. తర్వాత మైనస్ మూడు పెట్టింది. సరిగ్గా పదకొండు వచ్చింది.

"మైనస్ రెండు x ని గుణిస్తోంది కదమ్మా. అది అవతలికెళ్ళి కలవదు. రెండు పక్కలా దాంతో భాగించాలి."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే వీధి తలుపు తీసిన చప్పుడు. మా ఆడపడుచు దుకాణం నుంచి వచ్చి, ఏం చేస్తున్నారు వదినా అంటూ బల్ల వైపు నడిచింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

పిల్ల నా ఎర్ర గీత మీద అరచెయ్యి పెట్టేసింది.

"అమ్మ నాకు లెక్కలు చెప్తోంది అత్తా."

ఆమె తలూపి తన గదిలోకి వెళ్ళిపోయింది. పిల్ల చెయ్యి తీసింది. అరచేతికి ఎర్ర సిరా అంటుకుంది. పెన్సిలు నాకిచ్చి, తన కుర్చీ నా పక్కకు జరుపుకుంది.

"ఇప్పుడు ఐదు తీసెయ్యి. రెండు పక్కలా" అంది గుసగుసగా.

ఆ చెప్పే తీరంతా అత్తదే. నా కుళ్ళేమీ పోలేదు. అయినా తలొంచుకుని ఆ అదనపు లైను రాశాను.