ఇంకొకటి దిగింది

పసిపిల్లల గుండెదడను సమీకరణంలో పెట్టడం నా ఉద్యోగం. విమానాల మోతకు పిల్లలు ఎంత బెదురుతారో, ఎంతసేపటికి తేరుకుంటారో ముందే చెప్పే లెక్క అది. ఈ మాట చెబితే మా ఇంటి ఓనరమ్మ జాలిగా చూస్తుంది. ఎయిర్‌పోర్టు పక్కనున్న పాల్మాకుల అంగన్‌వాడీలో పిల్లల చేతులకు గుండె వేగం కొలిచే పట్టీలు కట్టాం. మోత పెరిగితే వేగం పెరగాలి. అందరూ బుద్ధిగా నా లెక్క ప్రకారమే బెదిరారు, నాలుగేళ్ల షెకీనా తప్ప.

చెవులు పగిలేలా విమానం పైకి లేస్తున్నా ఆ పిల్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. దిగేటప్పుడు మాత్రం, మోత తక్కువే అయినా, గుండె దడదడలాడుతుంది.

"ఆ ఒక్క పాపను తీసెయ్యమ్మా మృదులా, మిగతాదంతా చక్కగా కుదురుతోంది," అన్నారు మా ప్రొఫెసర్ సూర్యప్రకాశరావుగారు.

తీసేస్తే రెండేళ్ల నా పని గట్టెక్కుతుంది. లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. తీసేద్దామనే అనుకున్నాను. కానీ నా లెక్కను ఖాతరు చేయని ఆ పిల్ల సంగతేమిటో చూడాలని ఒళ్లు మండి, వెళ్లి పక్కన కూర్చున్నాను.

కిటికీలోంచి ఒక విమానం దిగుతూ కనిపించింది. షెకీనా చేతిలోని బొమ్మ వదిలేసింది.

"భయమేస్తోందా?"

"భయమేంది అక్కా. ఇంకొకటి దిగింది. మా అమ్మ గా ఇమానం గూడ ఊడ్వాలె. ఇగ లేటైతది."

వాళ్లమ్మ ఎయిర్‌పోర్టులో దిగిన విమానాలు శుభ్రం చేస్తుందట.

"మరి పైకి పోయేవి?"

"గవి ఊడ్సినయే గదా."

ఇన్నాళ్లూ దీన్నా నేను భయమని రాసుకున్నది అని సిగ్గేసింది.

పాపను తీసేయలేదు. సమీకరణంలో ఎదురుచూపు అని కొత్త అంశం చేర్చాను. రావలసిన మనిషి ఆలస్యమవుతుంటే గుండె ఎంత కొట్టుకుంటుందో అది చెప్పాలి. సూర్యప్రకాశరావుగారు తల పట్టుకున్నారు.

"దాన్ని దేంతో కొలుస్తావమ్మా?"

"ముందు నా మీదే కొలుస్తాను సార్," అన్నాను గొప్పగా.

ఆ సాయంత్రం శంషాబాద్‌లోని నా అద్దె గదిలో పట్టీ కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. నా గుండె వేగం చూపే గీత కదల్లేదు. పోనీ ఎవరో ఒకరు ఇంకా రాలేదని అనుకుని చూద్దామని పేర్లు వెతికాను. ఊరికే అనుకోవడానికైనా ఒక్కరూ తట్టలేదు. చాలా ఒంటరిగా అనిపించింది.

లెక్క కట్టాను. నా ఎదురుచూపు సున్నా అని తేలింది. అంత ప్రశాంతమైన గుండె మా అంగన్‌వాడీలో ఏ పిల్లకూ లేదు.